ఎనిమిది సెకన్లకు సరిపడా గాలి

ఆర్విల్ ట్రెడ్‌వే బల్ల మీద రెండున్నాయి.
ఒకటి బరువైన పెట్టె,
మూత తీస్తే లోపల
ఒకదాన్నొకటి మెలేసుకున్న రెండు లోహపు జడలు.
ఇంకొకటి నత్తగుల్ల.
వేలితో తిప్పితే నాలుగు చుట్లు తిరిగి
నాకేం తెలీదన్నట్టు ఆగింది.

రెండిటి పనీ ఒకటే, అన్నాడు,
కొలిమి తిత్తి పని.
ఇంజిన్ తనంతట తాను పీల్చుకునేది చాలదంటావు కదా,
ఇవి నోరు తెరిచి కుక్కుతాయి.

టొలీడోలో స్కూలు బస్సు నడుపుతాను నేను.
పద్దెనిమిదేళ్లుగా అదే పసుపు,
నలభై ఒక్క మంది పిల్లలు, గంటకు పాతిక మైళ్లు.
రైలు పట్టాలొస్తే పూర్తిగా ఆపి
తలుపు తెరిచి
చెవి ఒగ్గి వినాలి. అది చట్టం.
అందుకే డిపో నుంచి ఇంటికెళ్లే కారు మాత్రం
ఎనిమిది సిలిండర్లది కొన్నాను.
నల్లది. చక్రాల పైన తుప్పు,
చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు పెట్టిన ముద్దులు.

శనివారం రేసుకెళ్లే బండి కాదిది ఆర్విల్,
సోమవారం నాలుగున్నరకి
అద్దం మీద మంచు గీకి తీసే బండి.
వెనక సీట్లో కుక్క తిండి బస్తా ఉంటుంది.
ఏది మంచిదో చెప్పు.

చెప్పడు. చొక్కా జేబులోంచి
నూనె మరకల పుస్తకం తీసి చేతిలో పెట్టాడు.
వారం రోజులు రాసుకురా,
కాలు నేలదాకా ఎప్పుడు తొక్కావో, ఎక్కడ, ఎంతసేపు.
అబద్ధం రాయకు,
టైర్లు చూస్తే నాకు తెలిసిపోతుంది.

సోమవారం: లేదు.
మంగళవారం: లేదు, పొగమంచు.
బుధవారం: మామీ నది దాటాక హైవే ఎక్కే ర్యాంపు, ఎనిమిది సెకన్లు.
గురువారం: ఎర్ర లైటు దగ్గర డ్వేన్ హాక్‌స్ట్రా పికప్ పక్కన
(కొట్టేశాను, మళ్లీ రాశాను) నాలుగు.
శుక్రవారం: అదే ర్యాంపు, ఎనిమిది.

కూడితే ఇరవై.
మూడేళ్లు పైసా పైసా దాచింది
వారానికి ఇరవై సెకన్ల కోసమా?

ఆర్విల్ నవ్వలేదు.
చర్చిలో నువ్వు పాడేది మాత్రం ఎంతసేపు, అన్నాడు.

తర్వాత చెప్పాడు.
పెట్టె అయితే కాలు ఆనగానే తంతుంది,
తడి రోడ్డని చూడదు.
ఇంజిన్ నెత్తిన కూర్చుంటుంది గనక
జూలై ట్రాఫిక్‌లో కింది సెగంతా తాగి సొమ్మసిల్లుతుంది.
నత్త పక్కన వేలాడుతుంది.
మూడు వేల చుట్ల దాకా ఉన్నట్టే ఉండదు.
ఆ తర్వాత, సన్నగా, ఈల.

గాలి ఎంత పెట్టొచ్చు, పన్నెండు పౌండ్లు?
ఆరు.
ఎనిమిది?
పిస్టన్లు పాతవి. కొండనాలుకకి మందేస్తే
ఉన్న నాలుక ఊడుతుంది. ఆరు.
పైగా ఖరీదైన పెట్రోలే పొయ్యాలి, ప్రతిసారీ,
జీతం రాని వారం కూడా.
పిండి కొద్దీ రొట్టె అని నాకు నేనే చెప్పుకుని
ఆరుకి తలూపాను.

నత్తనే బిగించమన్నాను.
ఎందుకని వాళ్లావిడ గెర్ట్రూడ్ అడిగితే
వేడి అన్నాను, వాన అన్నాను, బెల్టు మార్చడం తేలికన్నాను.
అన్నీ నిజాలే.
రోజంతా పాతిక మైళ్ల దగ్గర నోరు మూసుకుని కూర్చునేది
ఈ ఊళ్లో నేనొక్కదాన్నే కాకూడదని
ఎవరితో అంటాం?

మొదటి బుధవారం ర్యాంపు మీద
రెండు, మూడు, మూడున్నర వేలు...
పళ్ల సందులోంచి గాలి లాగినట్టు మొదలై
ఈల నిలువునా లేచింది.
ట్రక్కు అద్దంలో చిన్నదైపోయింది.
ఎనిమిది సెకన్లే. లెక్కపెట్టాను.
తొమ్మిదోది పోలీసులది.

మర్నాడు పొద్దున బస్సులో, పట్టాల దగ్గర
ఆపాను. తలుపు తెరిచాను. చెవి ఒగ్గాను.
రైలు లేదు.
చల్లగాలి లోపలికొస్తోంది.
ఐదో వరుసలోంచి టెరెన్స్ అరిచాడు,
మిస్ నొవిట్‌స్కీ,
ఇంకా ఏం వింటున్నారు?