వెనక పేజీ నుంచి

నా కొలతల పుస్తకానికి రెండు మొదళ్ళు ఉండాయి.
ముందు నుంచి తెరిస్తే
ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై రెండు,
చెయ్యి తొమ్మిది, వెనక మెడ లోతు, కుచ్చులు కావాల.
వెనక నుంచి తిప్పితే
ఇంజన్లు.

మూడు ఒకటి రెండు ఏడు నాలుగు. లాలాగూడ. బొగ్గు పెట్టెలు.
మూడు సున్నా నాలుగు ఆరు ఆరు. రాయపురం. అరగంట లేటు.
రెండు ఏడు, తరవాత మసి.
ఈరోడ్ అనుకుంటా. కొశ్చన్ మార్కు.

మా గుమ్మానికీ పట్టాలకీ నడుమ
చిల్లకంప, ఒక మురుక్కాలవ, మస్తానయ్య గొర్రెల దొడ్డి.
బండి బిట్రగుంట దగ్గరికొస్తే
ముందు మేకుకి తగిలించిన కత్తెర కదుల్తుంది,
తరవాత బాబిన్ల డబ్బా,
ఆ తరవాత నేను.

పెడలు మీంచి కాలు తీసి
దారం పంట కరిచి పట్టుకోని
గుమ్మం దాకా మూడంగలు.
ఇంజను మూతి మీద అయిదంకెలు
రెండు రెప్పపాట్లలో చదవాల.
ముందు రెండూ తెలిసిన మొహాలే.
ఆఖరి మూడింటికే గుండె దడ.

మీ నాయన లోకోషెడ్డులో పనిచేశాడా అంటారు.
లేదు. వక్కలమ్మేవాడు, సైకిలు మీద.
రైలంటే భయం ఆయనకి.
ఈ పిచ్చికి తాతా లేడు, తండ్రీ లేడు.

శేషారత్నం అనింది: "లాటరీ నంబర్లా అమ్మే?"
చేతులు కాజాలకి పంపే పిలకాయ అన్నాడు:
"వీడియో తియ్యి అక్కా, లైకులొస్తాయి."
స్టేషన్లో కొత్తగా చేరిన అబ్బాయి
జేబు కుట్టించుకోను వచ్చి, పుస్తకం తిరగేసి,
బో జాలిగా చెప్పాడు:
"ఈ లెక్కలన్నీ కంప్యూటర్లో ఉండాయి గదమ్మా."
ఉండనీ నాయనా.
దానికి తెలుసు. నేను చూశాను.
జేబుకి ఇరవై ఇచ్చి పో.

ఒకటుండేది.
ఎడమ దీపం పైన చిన్న సొట్ట,
చిన్నప్పుడేసిన టీకా మచ్చ మాదిరి.
ఒక ఎండాకాలం వచ్చింది, సిమెంటు లాక్కోని పోయింది.
మళ్ళీ రాలా.
నాలుగేళ్ళు, నాలుగు పుస్తకాలు.
మొన్న వహీదా భుజానికి టేపు పెట్టి
"పద్నాలుగున్నర" అంటా ఉంటే
కత్తెర కదిలింది. పోయి చూస్తే అదే.
రంగు మారింది, సొట్ట మారలా.
కేకేశానంట, నాకు తెలియదు.
మెళ్ళో టేపుతోనే పరిగెత్తుకొచ్చి
వహీదా నా పక్కన నిలబడి
పెట్టెలన్నీ పోయేదాకా చూసింది.
"ఎవరు, మీవాళ్ళా?"
ఊఁ అన్నాను.

పని చెడదా అంటే చెడింది, ఒకసారి.
ఒకామెకి చెయ్యి పొడుగు
మూడు వందల పద్దెనిమిది అని రాసుకున్నా.
గుడ్డ చాల్లేదు.

రాత్రి రెండింటికి ఒక గూడ్సు పోతుంది.
దానికి మాత్రం లేవను.
కళ్ళు మూసుకోని పెట్టెలు లెక్కపెడతా.
యాభై ఎనిమిది, ఒక్కోరోజు యాభై తొమ్మిది,
చానా రోజులు నలభై దాటకముందే నిద్ర.
దాని నంబరు నాకు వద్దు.
పుస్తకానికి తెలియనిది ఒకటుండాల ఇంట్లో.

ఇప్పుడు
ముందు నుంచి వచ్చే జాకెట్లకీ
వెనక నుంచి వచ్చే ఇంజన్లకీ మధ్య
ఆరు తెల్ల కాగితాలు మిగిలుండాయి.
ముహూర్తాలు మొదలైతే జాకెట్లు ముందుకొస్తాయి.
కృష్ణపట్నానికి బొగ్గు జోరుగా పోతే మాత్రం...

ఉండండి,
కత్తెర కదుల్తా ఉండాది.