లేని పంపు

జేలాండ్‌లో సముద్రం మా నెత్తిమీద ఉంటుంది.
గట్టు కింద మేం, రాత్రీ పగలూ నీళ్లు తోడుకుంటూ.
పంపుల చప్పుడు వినడం నా ఉద్యోగం.

యాకోమీనా ఫిర్యాదు అది నాలుగోది:
"కాలవ అవతలి పంపు రాత్రంతా కొట్టుకుంటోంది. నిద్ర లేదు."
మూడుసార్లు మావాళ్లు ఉత్తరంతో సరిపెట్టారు.
ఆ పంపు పీకేసి పదకొండేళ్లు.
సిమెంటు దిమ్మ మీద బాతులు కూచుంటున్నాయి.

నవంబరు, వాన.
అడక్కుండానే కాఫీ పోసింది.
"ఇదిగో, ఇప్పుడు కూడా."
కిటికీ తీశాను. గాలి. ఎవరిదో గేటు.
"పిచ్చిదాన్ననుకుంటున్నావు."
అనుకున్నాను. కప్పులోకి చూశాను.

నా సంచిలో ఇనప పుల్ల స్టెతస్కోపు,
బేరింగులు అరిగాయో లేదో వినేది.
తనే తీసింది. పుల్ల కొస
ఎడమ చెవి వెనక ఆనించుకుని
గొట్టాలు నాకిచ్చింది.

ఇరవయ్యారేళ్ల సర్వీసులో అట్లాంటిది వినలేదు.
హుష్
హుష్
హుష్
నూనె అడగని యంత్రం,
ఏ పొలాన్నీ ఆరబెట్టని తోడుడు.

ఫారంలో రాశాను: శబ్దం నిజం. పంపు మనది కాదు.

మార్చిలో మళ్లీ వెళ్లాను, పనేం లేకపోయినా.
కర్ణభేరి వెనక దానిమ్మ గింజంత ఎరుపు కనిపించిందట.
లక్షల్లో ఒకరికట. చెడ్డది కాదట.
ఏడాదికి వెంట్రుకవాసి పెరుగుతుందట,
తొందరపడి కోస్తే నెత్తురు ఆగదట.
"కాచుకుని చూద్దాం" అన్నాడట డాక్టరు,
గట్టు కింద పుట్టినవాళ్లకి అదేదో కొత్త విద్యలాగా.

"నిద్ర పడుతోందా?"
"అలవాటైంది. ఆగితే కదా భయం."

తర్వాత ఆమె తండ్రి సంగతి.
మారీనస్, ఆల్చిప్పల వేలంలో ధర అరిచేవాడు.
మెడ పక్కన కోడిగుడ్డంత బుడిపె, నొప్పి లేదు, కదిపితే అటూ ఇటూ జరిగేది.
దాని మీంచి మఫ్లరు.
గొంతు బొంగురుపోయి, పోయి, ఆఖరి సీజన్లలో
వేళ్లు చూపించి అమ్మేవాడు.
చలి పట్టిందనేవారు ఇంట్లో.

ఇది తండ్రి ఇస్తే మేలుకుంటుందట,
తల్లి ఇస్తే నిద్రపోతుందట, బతికినంత కాలం.
"అంచేత నా పిల్లలకి ఫర్వాలేదు" అంది,
"నా కూతురి పిల్లలకీ ఫర్వాలేదు.
మా అబ్బాయికి మాత్రం, జూన్‌లో..."

లేచి కప్పులు కడగబోయింది.
కడిగిన కప్పులే అవి.