ట్యూబ్‌లైట్

స్కూల్లో నా పేరు అదే.
జోకు పేలిన రెండు నిమిషాలకి నవ్వేవాణ్ణి,
అప్పటికి అందరూ నన్ను చూసి నవ్వుతుండేవాళ్లు.
ఎవరికీ చెప్పలేదు గానీ
ఆ క్లాసు గోడమీది ట్యూబ్‌లైటు
పొద్దంతా సన్నగా మూలిగేది.
వినపడేది నాకొక్కడికే.

నలభై మూడేళ్లు.
చొక్కా కొనగానే మెడ వెనక లేబుల్ కత్తిరించడం,
పెళ్లిలో బ్యాండు దగ్గరపడితే
చెప్పులు విడిచిన చోటికి పోయి జతలు లెక్కపెట్టడం,
ఫోన్ చేసే ముందు
"హలో, నేను భూమేశ్‌ని" అని కాగితం మీద రాసుకోవడం.
"కండ్లల్లకు చూసి మాట్లాడు బిడ్డా" అనేది అమ్మ.
చూసేవాణ్ణి.
చూస్తున్నంతసేపూ మాటలు వినపడేవి కావు.
రెండు పనులు ఒకేసారి చెప్తే ఎట్లా?

బంజారాహిల్స్‌లో ఒకాయన మూడు వేలు తీసుకుని
పొద్దున్నే నడవమన్నాడు, నలుగురిలో కలవమన్నాడు.
నడిచాను. కలిశాను.
ఇంటికొచ్చి, బాత్రూమ్‌లో బకెట్టు బోర్లించి
చీకట్లో దానిమీద గంటసేపు కూర్చున్నాను.

తార్నాకలో, జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తు.
మెట్లు ముప్పై ఆరు. పదకొండో మెట్టు అంచు విరిగింది.
ఫర్హత్ మేడమ్ నమస్తే చెప్పి
నా మొహంలోకి చూడలేదు,
నేను చూస్తున్న వైపు చూసింది. పైకి.
లేచి స్విచ్చి ఆపింది.
కిటికీ తెర కొంచెం జరిపింది.
"నాకు వినపడదు. మీకు వినపడుతోంది కదా?"

అంతే.
మిగతా యాభై నిమిషాలూ
లింగంపల్లి నుంచి నాంపల్లి దాకా
ఎంఎంటీఎస్ స్టేషన్లు వరసగా చెప్పాను.
చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ,
భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్.
అక్కడ ఆగాను. ఎవరైనా అక్కడికి ఆవులిస్తారు.
"తర్వాత బేగంపేట. నేను దిగేది అక్కడే" అందామె.

ఐదోసారో ఆరోసారో ఆటిజం అనే మాట వచ్చింది.
అది చిన్నపిల్లలకే ఉంటుందనుకున్నాను.
"మీరూ ఒకప్పుడు చిన్నపిల్లాడేగా" అంది.
ఆ రాత్రి కోపమొచ్చింది.
ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు.
టీచర్లు చాలామంది పోయారు,
అమ్మకు తెలిసింది అంతే.

కిందికి దిగి రిపోర్టు ఇచ్చాను.
ఎన్ని కాపీలన్నాడు షాపతను.
రెండు.
ఒకటి ఆఫీసుకి.
రెండోది ఎవరికో అతనడగలేదు, నేను చెప్పలేదు.
నాలుగో తరగతి, చివరి బెంచీ,
చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నవాడికి.

ఇప్పుడు నా సీటు కిటికీ పక్కన.
సూపరింటెండెంటు ఎందుకయ్యా అన్నాడు.
అతని పెన్ స్టాండుతో చెప్పాను,
మాటలన్నీ సరిగ్గా వచ్చాయి.

నిన్న భోజనాల దగ్గర ఎవరో జోకేశారు.
అందరూ నవ్వి, చేతులు కడుక్కోవడానికి లేచారు.
రెండు నిమిషాలకి నేనూ నవ్వాను,
ఒక్కణ్ణే, డబ్బా మూత పెడుతూ, గట్టిగా.
నిజానికి జోకు అంత బాగాలేదు.