విల్ఫ్ టన్నార్డ్ ఇక్కడ లేడు

ఆగస్టులో ఈ వాటాలో దిగిన మూడో రోజున
తలుపు సందులోంచి ఒక తెల్ల కవరు జారింది,
విల్ఫ్ టన్నార్డ్ పేరు మీద.
నేను విల్ఫ్‌ని కాను. నా పేరు హెస్టర్.
గ్రిమ్స్‌బీ రేవు పక్క ఫ్యాక్టరీలో
రాత్రంతా చేపల ముళ్ళు తీస్తాను.
'ఈ అడ్రసులో లేరు' అని రాసి
ఎర్ర డబ్బాలో తిరిగి వేశాను.
నా వేళ్ళ నీచువాసన కూడా దాంతోపాటే వెళ్ళి ఉంటుంది.

వారం తిరక్కుండా ఇంకొకటి.
తెలుపు పోయి గోధుమరంగు,
గోధుమరంగు మీద ఎర్ర అక్షరాలు.
మొదట్లో 'దయచేసి' అన్నారు.
తర్వాత 'తక్షణం'.
ఆ తర్వాత దయా లేదు, చేసీ లేదు.

ఫోన్ చేశాను. నలభై నిమిషాలు వయొలిన్ వినిపించారు.
"ఆ ఖాతా సంగతి మీతో మాట్లాడకూడదండీ,
మీరు ఆయన కారు కదా."
అదేనమ్మా నేనూ చెప్తున్నది.
"అయితే ఆయన అక్కడ లేరని రుజువు పంపండి."
లేని మనిషికి రుజువేం పంపను?
ఖాళీ కుర్చీని ఫొటో తీసి పంపనా?
గ్యాస్ బిల్లు పంపాను, అద్దె కాగితం పంపాను.
జవాబు వచ్చింది, విల్ఫ్‌కే.

ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటారే,
ఆ మంగలాన్ని నేను.

ఫిబ్రవరిలో ఒకాయన వచ్చాడు.
మెడలో కార్డు. బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు.
టీవీ వైపు చూడలేదు, ఫ్రిజ్ వైపు చూడలేదు.
"అకార్డియన్ ఎక్కడ?" అన్నాడు.

అలా తెలిసింది.
పదకొండు వందల పౌండ్లు.
వాషింగ్ మెషీనుకి కాదు, సోఫాకి కాదు.

కింది వాటా మిసెస్ బ్లాంచర్డ్‌ని అడిగాను.
"అమ్మో, వాడా! రాత్రి పదింటికి మొదలుపెట్టేవాడు.
చీపురుకర్రతో సీలింగు పొడిచేదాన్ని.
పొడవగానే ఆ పాట ఆపేసి
వేరే పాట ఎత్తుకునేవాడు,
నాకు నచ్చనిది ఆ పాటొక్కటే అన్నట్టు."
చీపురుపోట్ల మచ్చలు చూపించింది.
తెల్లసున్నం వేయించబోయి ఎందుకో మానేసిందట.

పైకొచ్చి చూస్తే
కిటికీ పక్క లినోలియం మీద నాలుగు గుంటలు, కుర్చీ కాళ్ళవి.
ఆర్నెల్లుగా నేనూ అక్కడే కుర్చీ వేసుకుంటున్నాను.

మేలో ఒక సెలవు రోజు, క్లీథోర్ప్స్ బీచిలో,
ఐస్‌క్రీం బండి నీడన ఒకతను వాయిస్తున్నాడు.
ఎడమ బూటుకి లేసు లేదు.
ఎవరో ముసలాయన గట్టిగా దగ్గాడు.
అతను చటుక్కున ఆపి
వేరే పాట ఎత్తుకున్నాడు.

నా సంచిలో అతని కవర్లు మూడున్నాయి,
తిరిగి పోస్టు చేద్దామని తెచ్చినవి.
ఇవ్వాలి. ఇవ్వచ్చు.
టోపీలో రెండు పౌండ్లు వేసి
బస్సెక్కాను.

సోమవారం మళ్ళీ ఫోను.
"టన్నార్డ్ గారు ఎక్కడున్నారో మీకేమైనా తెలుసా?"
తొమ్మిది నెలలు తెలియదన్నాను, నిజంగా తెలియనప్పుడు.
ఒక్కరూ నమ్మలేదు.
చెవుల్లో ఇంకా ఆ సముద్రపు గాలి ఉండగా
"తెలియదు" అన్నాను.
"సరేనండీ, రికార్డులో రాసుకుంటాను" అన్నాడా అబ్బాయి.
థాంక్స్ కూడా చెప్పాడు.

ఇప్పుడు కవర్లు రావడం లేదు.
షిఫ్టు నుంచి రాగానే వంగి పట్టా మీద చూస్తాను,
పిజ్జా కాగితాలుంటాయి.
ఆ మూడూ సొరుగులో స్పూన్ల కింద ఉన్నాయి.
చింపలేదు, పంపలేదు.

మిసెస్ బ్లాంచర్డ్‌కి మాత్రం చెప్పాను.
ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు.
ఆదివారాలు క్లీథోర్ప్స్‌కి
బస్సు ఎన్నింటికని అడిగింది.