ఐదు నిమిషాల తేడా

నాంపల్లి స్టేషన్ రోడ్డు, సహకార బ్యాంకు, మూడో అంతస్తు.
లిఫ్టుకు అంటించిన "పని చేయదు" కాగితం
పసుపువడి, అంచులు చిరిగి
లిఫ్టు కంటే ముసలిదైంది.

సోమవారం, పదింబావు.
ఇర్ఫానా మేడం కుర్చీల కూసోలేదు.
తన టేబులు పక్కన్నే నిలబడ్డది,
ఎవరో ఆఫీసరు పిలిపించినట్టు.
"జర చూడు బేటా, ఇది నన్ను గుర్తుపడ్తలేదు."

తెర మీద ఇంగ్లీషుల ఒక్కటే వాక్యం.
మెల్లగ తెలుగు చేసి చెప్పిన:
ఈ మిషన్‌కూ మన డొమైన్‌కూ నడుమ
నమ్మకం చెడిందట.

ఆమె నవ్వలేదు.
"ఇరవై ఆరేండ్ల సర్వీసు.
శుక్రవారం సాయంత్రం దాక మంచిగనే ఉండె.
నేనేం చేసిన?"

బల్ల కిందికి దూరిన.
తీగ పీకి, ఊది, మళ్ళ గుచ్చిన.
ఆకుపచ్చ దీపం మిణుకుమంటనే ఉంది.
సర్వరును నంబరుతోని పిలిస్తే పలికింది,
పేరు పెట్టి పిలిచినా పలికింది.
పాస్‌వర్డు మళ్ళొక్కసారి కొట్టుమన్న.
"అటు తిరుగు" అని, ఒక్కటే వేలుతోని
ఒక్కొక్క అక్షరం, మొండి పిల్లగానికి
బువ్వ తినిపిచ్చినట్టు కొట్టింది.
ఊహూ.
పక్క మిషన్ మీద అదే పేరు, అదే పాస్‌వర్డు,
తలుపు తెరుసుకుంది.
అంటే మేడం మంచిదే.
ఈ డబ్బానే ఎవరికీ గాకుండ పోయింది.

అద్దం అవతల టోకెను పదిహేడు
పింఛను పుస్తకంతోని విసురుకుంటున్నడు.

ఇగ డొమైన్ల కెల్లి తీసేసి మళ్ళ చేర్చుదామని
మౌసు మీద చెయ్యి పెట్టిన.
అందరం చేసేది అదే,
తలాక్ ఇప్పిచ్చి తెల్లారి నిఖా చేసినట్టు.
రెండు రీస్టార్టులు, ఒక చాయ్. అయిపోతది.
పోయిన నెల గూడ ఇట్లనే చేసిన గదా,
అది యాదికొచ్చి చెయ్యి ఆగింది.
అప్పుడూ సోమవారమే.
అంతకు ముందు రెండో శనివారం, ఆదివారం,
కిందికెల్లి మెయిన్ బందు చేసి పోయిన్రు.

తెర మూలకు చూసిన.
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.

సర్వరు ఐదు నిమిషాల తేడా ఓర్సుకుంటది.
అది దాటితే నువ్వెవరైనా
దొంగ లెక్కనే.
ఈ షహర్ల "పాంచ్ మినట్ల వస్తున్న" అన్నోడు
అప్పటికింక లుంగీల మీదనే ఉంటడు,
మనం నమ్ముతం, రెండో చాయ్ చెప్తం.
సర్వరు ఈ ఊర్ల పెరగలేదు.

మూత ఇప్పిన. దుమ్ము, ఒక చచ్చిన బొద్దింక,
రూపాయి బిళ్ళంత బ్యాటరీ.
కరెంటు లేని రెండు రోజులు
ఒక్కతే కూసోని కాలం లెక్కవెట్టాల్సింది అదే.
ఎప్పుడో పానం ఇడిసింది.

కోఠి, గుజరాతీ గల్లీ. ముప్పై రూపాయలు.
బిల్లు అడిగితే దుకాణాయన
నా మొకం దిక్కు చూసి నవ్విండు.

పన్నెండున్నరకు తెర మీద ఆమె పేరు వచ్చింది.
దుపట్టా సదురుకోని, కుర్చీ ముంగటికి గుంజుకోని
"పదిహేడూ!" అని కేకేసింది,
నాకు థాంక్స్ చెప్పుడు మరిచి.
అదే మంచిగ అనిపిచ్చింది.

కింద గేటు కాడ మల్కయ్య రిజిస్టరు తెరిచిండు.
ఆ గోడకు ఏలిముద్ర మిషన్ ఉంది.
నేనే బిగిచ్చిన, నేనే అందరి ఏళ్ళు ఎక్కిచ్చిన.
నాది ఎక్కదు. నేను ఏజెన్సీ మనిషిని.
కార్డు మార్చిల అయిపోయింది,
కొత్తది "ప్రాసెస్‌ల ఉంది".
ఎనిమిదేండ్ల సంది
విజిటర్ల పుస్తకంల రోజు రాస్త:
జె. యశోద, మౌలాలి. ఎవరిని కలవాలె? గీత.
ఏం పని? గీత.

"పోయే టైమేంత మల్కన్నా?"
తలెత్తి గోడ గడియారం చూసి చెప్పిండు.
నా ఫోనుకూ దానికీ ఏడు నిమిషాల తేడా.

ఆయన చెప్పిందే రాసిన.