నల్లబడ్డ ప్లగ్గులు

మే రెండో వారం. సైమా సరస్సు మీద
మంచు పగిలి రేవుకు కొట్టుకొచ్చింది.
నా షెడ్డు ముందు పడవల వరుస,
ఒక్కో దానికి ఒక్కో రోగం,
ఒక్కో రోగానికి యజమాని చెప్పే కట్టుకథ.

తావెత్తి కథలు చెప్పడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి
బల్ల మీద పెడతాడు, సాక్ష్యంలాగా.
ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆ పడవకి ఒకే కార్బురేటర్,
ఆ కార్బురేటర్‌కి ఈ స్క్రూడ్రైవర్.
"ఇంకేం కావాలి?"

హిల్కా దగ్గర కాగితం ఉంది.
మధ్యలో గీత గీసి, అటో ధర ఇటో ధర.
పాత ఇంజిన్ విప్పి కడితే ఇంత,
ఇంజెక్షన్‌ది కొత్తది దింపితే అంత.
ఆ 'అంత' కింద పెన్సిల్‌తో రెండుసార్లు గీసింది,
ధైర్యంతోనో, దడతోనో.

నన్నడిగారు. చెప్పాను.
కార్బురేటర్‌ది ఉజ్జాయింపు వంట.
గాలి కాస్త, పెట్రోలు కాస్త, వాసన చూసి సర్దుకోవడం.
చలి ఉదయం చోక్ లాగి బతిమాలాలి,
మరీ బతిమాలితే గొంతుదాకా తాగి మొరాయిస్తుంది.
చలికాలమంతా గిన్నెలో నిలవున్న పెట్రోలు
జిగురై సన్న రంధ్రాలు మూసేస్తుంది.
కానీ నడి సరస్సులో ఆగిపోతే
ఏ దీవి రాతిమీదో తువ్వాలు పరిచి
విప్పి, ఊది, బిగించుకుని ఇంటికి రావచ్చు.

ఇంజెక్షన్‌ది తూకం వంట.
తాళం తిప్పితే చాలు, చలీ ఎండా దానికొకటే.
తాగేది తక్కువ, పొగ తక్కువ.
అలిగిందంటే మాత్రం స్క్రూడ్రైవర్ మొహం చూడదు,
నా ల్యాప్‌టాప్ వచ్చేదాకా నోరు విప్పదు.
బ్యాటరీ చస్తే దానితోపాటే చస్తుంది.

"విన్నావా?" అన్నాడు తావెత్తి ఆవిడతో.
"నాది మాట్లాడుతుంది. నేను వింటాను.
తిండి చాలకపోతే సన్నగా ఈలేస్తుంది,
ఎక్కువైతే గురక పెడుతుంది."

అప్పటికే ప్లగ్గులు విప్పి గుడ్డ మీద పెట్టాను.
నాలుగూ నలుపే. తడి మసి,
వేలికి కాటుకలా అంటింది.
నిరుడు ముదురు గోధుమరంగు.
అంతకుముందేడు, రిజిస్టర్లో నా రాతే ఉంది: బాగున్నాయి.

ఏటికేడు పావు చుట్టు, అర చుట్టు
మర తిండివైపే తిరుగుతూ వచ్చింది.
చెవికి ఆనేదాకా తిప్పుతాడు కదా మనిషి,
ఇప్పుడాయన చెవికి గురక ఒక్కటే ఆనుతోంది.

ఎడమవైపు నిలబడి నెమ్మదిగా అడిగాను,
"కిందటి శరత్తులో ట్యాంకు ఖాళీ చేశావా?"
ఆయన సరస్సు చూస్తున్నాడు.
హిల్కా జవాబు చెప్పింది, ఆయన బదులు,
అలవాటు పడ్డ మనిషి వేగంతో.
చెప్పి, నా కళ్ళలోకి ఒక్కసారి చూసి
కాగితం మడిచేసింది.

"కార్బురేటర్ అరిగింది" అన్నాను గట్టిగా.
"ఎంత తిప్పినా ఇక నిలవదు."
అబద్ధం. శుభ్రం చేస్తే
ఇంకో పదేళ్ళు చక్కగా నడిచే సరుకది.

ఆయన ఒక ప్లగ్గు తీసుకున్నాడు.
ముక్కు దగ్గర పెట్టాడు, బొటనవేలితో తుడిచాడు,
మసి కింద లోహం కనిపించేదాకా తుడిచాడు.
నా అబద్ధం ఆయనకి అర్థమైందనుకుంటాను.
ఇంజిన్లు తెలిసినవాడు మరి.

చాలాసేపటికి,
"కొత్తది ఎంత చప్పుడు చేస్తుంది?"
"దీంట్లో సగం."
"అయితే పడవలో ఈవిడ చెప్పేది నాకు వినబడుతుంది"
అన్నాడు. హిల్కా నవ్వలేదు.
ఆయన కోటు కాలర్ సరిచేసింది, అది సరిగానే ఉన్నా.

వాళ్ళ కారు వంతెనదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
స్క్రూడ్రైవర్ మరిచిపోయాడట.
ఇచ్చాను. బయానా మాత్రం
ఇంకా కట్టలేదు.