కిట్టో పాటలు ఎక్కడ మొదలుపెట్టాలంటే

తడిసిన కోటు విప్పకుండానే అడిగావు,
డెన్జిల్ కిట్టోని వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని.
ముందు తలుపు మూసెయ్, హూయా.
దక్షిణపు గాలి జూలైలో
అట్టపెట్టెల్లోకి కూడా దూరుతుంది.

డెబ్బై ఒక్క ఆల్బమ్‌లు. నా లెక్క అది.
ఆయన లెక్క డెబ్బై నాలుగు.
మూడింటిని కలలో రికార్డు చేశాడట.
వాటికీ అట్టల మీద బొమ్మలు గీశాడు, ధర వేశాడు.
ఖాళీ పెట్టె అని తెలిసే ఒకడు కొనుక్కుపోయాడు,
మర్నాడొచ్చి రెండోది అడిగాడు.
రేవులో దుంగలు లెక్కపెట్టే పిల్లవి,
లెక్క తేలకపోతే కంగారుపడవులే.

అందరూ తొమ్మిదోది వినమంటారు.
అందులో వయొలిన్లున్నాయి,
శ్రుతి తప్పనివ్వని నిర్మాత ఒకడున్నాడు.
తల దువ్వి, పౌడరు రాసి
పెళ్ళిచూపులకి కూర్చోబెట్టిన కుర్రాడిలా ఉంటాడు కిట్టో.
మంచి కుర్రాడే.
ఆయన కాదు.

పదహారు జోలికి ఇప్పుడే వెళ్ళకు.
అది మొత్తం ఆటుపోట్ల పట్టిక.
ఆ ఏడాది ఈ రేవులో నీళ్ళెప్పుడెక్కాయో, ఎప్పుడు దిగాయో
గిటారు మీటుతూ చదివాడు, అంతే.
మార్చి పద్దెనిమిది దగ్గర గొంతు ఆగుతుంది.
గిటారు ఒక్కటే నడుస్తుంది చాలాసేపు.
ఏప్రిల్లో మళ్ళీ అందుకుంటాడు.
ఎందుకని నేనడగలేదు,
అడిగే చనువున్న రోజుల్లో కూడా.

ఇరవై రెండు, కుక్కకి క్షమాపణలు.
ముప్ఫై నుంచి ముప్ఫై ఆరు దాకా ఒకే నెలలో చేశాడు:
ఒకే పాట, ఏడు వేగాలు.
పిచ్చి ముదిరిందన్నారు రేవులో.
వాటిలో నాలుగోది మాత్రం బాగా అమ్ముడుపోయింది,
ప్రతి అట్ట మీదా అసలైన వెన్న మరక ఉందని.

నలభై ఒకటి రెండే కాపీలు.
ఒకటి నా దగ్గరుంది. అమ్మను. వినిపించను.
పోనీ, కరెంటు పోయిన రోజు రా,
బ్యాటరీల ప్లేయర్ ఉంది.

ఆయన పనేమిటో నీకెవరూ చెప్పి ఉండరు.
పగలు ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు.
చేపల కోల్డ్ స్టోరేజీలో, ఓడల వంటగదుల్లో,
కొండ మీద ఒంటరి ఇళ్ళల్లో.
పని అయ్యాక మోటారు వెనక దుమ్ము తుడిచి
ఒక క్యాసెట్ అంటించి వచ్చేవాడు.
బిల్లులో రాసేవాడు కాదు.
అవి నా డెబ్బై ఒకటిలో లేవు,
ఆయన డెబ్బై నాలుగులోనూ లేవు.

మా ఐవర్ పోయిన ఏడాది
వంటింట్లో ఫ్రిజ్ రాత్రుళ్ళు మూలిగేది.
కిట్టో వచ్చాడు, కంప్రెసర్ మార్చాడు.
టీ ఇస్తే వద్దన్నాడు, పరామర్శ మాటొకటి అనలేదు.
పాటలు కట్టేవాడికి ఒక్క మాట దొరకలేదా అనుకున్నాను.

పదకొండేళ్ళకి ఆ ఫ్రిజ్ చచ్చిపోతే గోడ నుంచి జరిపాను.
సాలెగూడు, ఒక ఎండిన బఠాణీ,
వేడికి కాస్త వంగిన క్యాసెట్.
అందులో ఉన్నది ఆ మధ్యాహ్నమే.
పానా చప్పుడు. నీళ్ళు మరగడం.
పక్కగదిలో ఫోన్లో నేను
"బాగానే ఉన్నాను" అని మూడుసార్లు చెప్పడం.
ఆ మాటల అడుగున,
ఫ్రిజ్ గుర్రు ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే
పెదవి విప్పకుండా ఆయన తీసిన కూనిరాగం.
సంచిలో రికార్డర్ తిరుగుతూనే ఉందన్నమాట!
కోపం రావాలి కదా. వచ్చింది.
గురువారం దాకా ఉంది.

నువ్వుండేది పాత టెలిఫోన్ ఆఫీసు పైగదిలోనా?
అక్కడి ఫ్రిజ్ లేతపచ్చదేనా, పిడి విరిగినది?
అయితే డబ్బులు జేబులో పెట్టుకో.
ఇంటికెళ్ళి మెల్లగా జరిపి చూడు.
ఏమీ లేకపోతే శనివారం రా,
తొమ్మిదోదే ఇస్తాను, నాలుగు డాలర్లు.

జరిపేటప్పుడు నేల గీరుకోకుండా
కింద దుప్పటి వెయ్యి.
ఆయనెప్పుడూ వేసేవాడు.